నీట తడిసిన పడుగు

రాత్రియంతయు కుంభవృష్టి గురిసి వెలిసిన యాశ్వయుజ ప్రభాతమున, పెంకుటిండ్ల చూరులనుండి జారు తుదిబిందువులు బాలార్కకిరణస్పర్శచే ముత్యములవలె మెఱయుచుండ, తడిమట్టిగోడల వాసన వీథులెల్ల వ్యాపించుచుండ, ఆ నేతగాండ్ర పల్లె మగ్గముల చప్పుడు లేక మౌనము వహించియుండెను.

పదవ తరగతి చదువుచున్న హేమలత మాత్రమా శోభను గాంచు స్థితిలో లేకుండెను. వారి గుంటమగ్గములోనికి వాననీరు చొచ్చి, సగము నేసిన పెండ్లిచీర పడుగు, అనగా నిలువు దారములన్నియు, నీలిరంగు దిగి పాడయ్యెను.

"ఎవరికీ చెప్పమాకే అమ్మా. షావుకారుకి తెలిస్తే పని ఇంకో ఇంటికి పోద్ది" అని తల్లి కన్నీటితో వేడుకొనియుండెను. ఆ షావుకారు రెండవ కొమార్తెయగు మాణిక్యమే తరగతిలో హేమలత ప్రక్కన గూర్చుండునది. చీరయు మాణిక్యము యొక్క యక్క పెండ్లికొఱకైనదే.

ఆ దినమున ఆంగ్లోపాధ్యాయిని విమలాదేవి, కష్టమనుభవించుట యను నర్థముగల సఫర్ అను క్రియను నల్లబల్లపై వ్రాసి, నష్టము, ఓటమి, గాయము మొదలగు కష్టములు దానితో నెట్లు జతగూడునో చెప్పి, లాస్, డిఫీట్, ఇంజురీ యని చదివించెను. తమ యింట నిజముగా జరిగినదానినే వాక్యముగా జెప్పవలెననుట యామె తరగతి యాచారము.

"మా కోడిపుంజు సఫర్డ్ డిఫీట్ అండీ. తర్వాత మేం కూరొండుకున్నాం" అని వెనుక బల్లనుండి యొక చిన్నది చెప్ప నందఱును పకపక నవ్విరి.

హేమలత వంతు వచ్చెను. లాస్ అను పదము నాలుక చివరనే యున్నను, తల్లిమాట తలచి మాట మార్చెను.

"మా ఇంట్లో ఏం జరగలేదండీ."

"అయితే మీది మహారాజుల ఇల్లేనమ్మా, కూర్చో!"

మరల నవ్వులు. మాణిక్యము నవ్వలేదు. చెలి గోళ్ళకంటిన నీలిమపై నామె చూపు నిలిచెను. పెండ్లిచీరకా రంగు నేరియిచ్చినది తన యక్కయే. రాత్రి వానకు చీర రంగు దిగెనని గ్రహించి పిలువకయే లేచెను.

"మా ఇంట్లో డిలే అండీ, సఫర్ డిలే. అక్క పెళ్ళిచీర ఆలస్యమవుద్ది."

"తప్పెవరిదమ్మా?"

"ఎవరిదీ కాదండీ, వానది."

కూర్చుండి హేమలత చెవిలో, "నాన్నతో నేను మాట్లాడతాలే పిచ్చిదానా. పెళ్ళికింకా టైముందిగా. మీ అమ్మ నేసిందైతేనే అక్క కట్టుద్ది" అనెను.

హేమలత మెల్లగా లేచెను. "మా మగ్గంలోకి నీళ్ళొచ్చినయ్యండీ. వుయ్ సఫర్డ్ ఎ లాస్."

ఈమారెవ్వరును నవ్వలేదు. కష్టమును జెప్పుకొనుటకు మాటలెన్ని నేర్చినను చాలవనియు, దానిలో కొంత తనదిగా జేసికొను తోడు దొరకినపుడే నోరు పెగలుననియు నామెకు దోచెను.