వనజాక్షి గారికి ఇబ్బందేమీ లేదట

"వినీల మేడం మాట్లాడతా ఉంటే పదిమంది మొగోళ్ళు నోరుమూసుకోని విన్నారు మే! సంతకానికి మనింటికొస్తాది. చదవద్దు ఏం వద్దు, పెట్టెయ్" అన్నాడు మా ఆయన విజయభాస్కర్, మొన్నటి మీటింగు సంగతి చెబుతూ. నేను పెనం మీద రెండో అట్టు తిరగేస్తున్నాను. మా ఊరి నీళ్ళ పథకాన్ని ఇంజనీర్ల ఆఫీసుకు అప్పగించాలా, వార్డు నీటి కమిటీలకే వదిలేయాలా అన్నది తేల్చడానికి నెల్లూరు నుంచి వచ్చిన అమ్మాయి వినీల. చూడకుండానే ఆమె మీద నాకు కుళ్ళు పుట్టింది. మొగుడు మెచ్చుకున్నాడని కాదు. నా మాట చివరిదాకా విన్న మనిషి ఈ ఇంట్లో లేడు మరి.

నిజానికి మా వార్డు కమిటీలో మహిళా సభ్యురాలిని నేనే. పేరు నాది, కుర్చీ ఆయనది. మీటింగు పదింటికి. మా వీధి కుళాయి వచ్చేదీ పదింటికే, ముప్పావుగంట. "నువ్వెందుకు మే, నేను పోయొస్తాలే. నీళ్ళు పట్టకపోతే మా అమ్మ స్నానానికేం చేస్తాది?" అనేవాడు ప్రతిసారీ. వెళ్ళి ఆ కుళాయి వేళ మార్చమని అడగాలని నాకెంత ఉండేదో!

ఆయన ముత్తుకూరు డ్యూటీకి వెళ్ళాక వినీల వచ్చింది. తడిసిన నైటీ మీద తువ్వాలు వేసుకుని తలుపు తీశాను. ఆమె ఇస్త్రీ చీర చూసి ఇంకాస్త మండింది.

"వనజాక్షి గారున్నారా అక్కా? మొన్న జ్వరమని వాళ్ళాయన్ని పంపారు. అంతకుముందు ఆరు మీటింగులకీ ఆవిడే వచ్చారు, రిజిస్టర్లో ఉంది" అంటూ కాగితాలు నా చేతికిచ్చింది.

నాకు జ్వరమొచ్చిన సంగతే నాకు తెలియదు. రిజిస్టరు నకలులో ఆరుచోట్ల 'వనజాచ్చి' అని సంతకం ఉంది. మా ఆయనకు క్షి రాయడం ఈ జన్మకు రాదు. కింద రిపోర్టు: 'నీటి ఇబ్బందులేవీ లేవని సభ్యురాలు తెలిపారు. కనుక వార్డు కమిటీలను రద్దు చేయవచ్చు.'

వినీల మీది అసూయంతా కాగితంలోని ఆ సభ్యురాలి మీదికి మళ్ళింది. ఏం రాత రాసిపెట్టుకుని పుట్టిందో మహాతల్లి! ఫ్యాను కింద కూర్చుంది, టీ తాగింది, ఇబ్బంది లేదంది. ఉప్పునీళ్ళకు జుట్టు ఊడింది నాకు, బిందెలెత్తి నడుము పోయింది నాకు. గారు అనే మర్యాద మాత్రం ఆమెకు. కాగితం చించెయ్యాలన్నంత కోపం వచ్చింది.

"సంతకం పెట్టదు" అన్నాను, కాగితాలు తిరిగిచ్చేస్తూ.

"అయ్యో, ఎందుకక్కా? ఆవిడ ఎప్పుడు దొరుకుతారు? రేపటి మీటింగులో ఈ రిపోర్టు పెట్టాలి."

"రేపు పదింటికి మీటింగుకొస్తాది. ఇప్పటిదాకా ఒక్కసారీ రాలేదమ్మా ఆమె. ఆ వనజాక్షిని నేనే."