రెండో ఎరువు

తను చేసేది దేవుడికి ముడుతోందా, ముడితే ఎవరి పేరున ముడుతోంది అన్నది కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమెకున్న సందేహం. దేవుడి గది తుడిచేది, పూలు కోసేది, దీపం వెలిగించేది ఆమె. తీరిగ్గా స్నానం చేసి వచ్చి, నాలుగు మాటలు చదివి, పండు ముందుకు జరిపేది ఆయన. "మావాడి భక్తి వల్లే ఈ ఇల్లిలా నిలబడింది" అంటుంది అత్తగారు. అయుండొచ్చు. దేవుడు అన్నీ చూస్తాడంటారు, వంటింటి వైపు కూడా ఆయనకో కిటికీ ఉంటుందిలే అని సర్దిచెప్పుకునేది ఆమె. ఆ కిటికీ తెరిచి ఉందో మూసి ఉందో మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు దానిమ్మలకి ఎరువు వెయ్యాలి. సాయంత్రం ఆయన ఆఫీసరుగారు భార్యతో సహా తోట చూడ్డానికి వస్తున్నారు. వంటిల్లు సర్ది, అత్తగారికి మందులిచ్చి, కొంగు నడుముకి బిగించి పెరట్లోకి దిగింది. ఎరువు మరీ మొదట్లో వేస్తే చెట్టు తట్టుకోలేదు. కొమ్మల నీడ ఎంతవరకు పడుతుందో అంత దూరం జరిగి, చుట్టూ పైపైన పాదు తవ్వాలి. వంటింటి తొక్కలూ రాలిన ఆకులూ గోతిలో మగ్గబెట్టి తనే చేసిన ఎరువు అందులో పోసి, గుప్పెడు బూడిద చల్లి, మట్టి కప్పి, నీళ్ళు పెట్టాలి. ఆ నీళ్ళూ ఒక పద్ధతిలో పెట్టాలి. నాలుగు రోజులు ఎండగట్టి ఒక్కసారిగా పోస్తే కాయ పగులుతుంది. మనిషే నయం అనుకుంది, నడుం పట్టుకుని లేస్తూ. ఎంత ఎండగట్టినా పైకి పగుళ్ళు కనపడవు.

వరండాలో కుర్చీలోంచి ఆయన గొంతు వచ్చింది. "వేళ్ళు జాగ్రత్త."

"ఎవరివండీ?"

ఆయన పేపరు దించి చూశాడు. "చెట్టువి. ఇంకో మాట, ఆ పెద్దకాయ జోలికి పోకు. ఆఫీసరుగారికి నా చేత్తో కోసిస్తాను."

ఈ కాపులో ముందుగా పండిన కాయ అది. గుడ్డసంచిలో బరువుగా వేలాడుతోంది. ఉడతలు కొట్టకుండా కాయలన్నిటికీ ఆ సంచులు కుట్టిచ్చింది పక్కింటి పిన్ని. పిన్ని అంటే చుట్టరికం కాదు, పిలుపే. కుట్టుమిషను మీద బతికిన ఒంటరి మనిషి. ఇప్పుడు చూపు ఆనక మిషను అమ్మేసింది. రేపు ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆ సంగతి విన్నప్పటి నుంచీ ఆమెకి ముద్ద దిగడం లేదు. పిన్నికి ఒకటి బాకీ ఉంది.

కొత్త కాపురంలో ఒకనాడు ఆయన, "దానిమ్మ మొక్కలు నాటాలి, పక్కింటికి వెళ్ళి గునపం ఎరువు తీసుకురా" అన్నాడు. వాడుకుని తిరిగిచ్చేలా తెమ్మని ఆయన ఉద్దేశం. ఆమె పుట్టింట్లో దాన్ని 'అడిగి తేవడం' అనేవారు. ఎరువంటే ఆమెకి తెలిసింది పేడ ఎరువే. గునపం ఒక చేత్తో పట్టుకుని, ఎరువు తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఇంటిల్లిపాదీ పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. "గునపం ఎరువు తెమ్మంటే పెంట మోసుకొచ్చింది" అన్న మాట ఆ రోజు నుంచి వచ్చిన చుట్టానికల్లా కాఫీతో పాటు అందేది. ఆ తట్టెడు ఎరువూ ఏ గోతుల్లోకి వెళ్ళిందో ఎవరూ అడగలేదు.

తట్ట ఎత్తేటప్పుడు పిన్ని ఒక మాట అంది. "గునపం రేపిచ్చెయ్యి. ఈ తట్టకి తొందర లేదమ్మాయ్. మీ చెట్టు కాశాక ఓ మొదటి కాయతో తీర్చు."

గునపం మర్నాడే వెళ్ళిపోయింది. మొదటి కాయ ఆడపడుచుకి వెళ్ళింది. తర్వాతి కాపుది డాక్టరుగారికి. ఆ తర్వాత ఆయనకి ఎవరితో పనుంటే వాళ్ళకి. ఎరువు వేసేది ఆమె, పంచేది ఆయన. పిన్ని ఎప్పుడూ అడగలేదు. అదే ఆమెని లోపల తొలిచింది.

సాయంత్రం అతిథులు వచ్చారు. ఆయన చెట్టు చెట్టు దగ్గరా ఆగి, "పసిబిడ్డలండీ ఇవి" అంటూ చూపించాడు. "మీది చల్లని చెయ్యి" అన్నారు ఆఫీసరుగారు. ఆమె గోళ్ళలో మట్టి ఇంకా పోలేదు. కాఫీ కప్పు కిందుగా వేళ్ళు మడుచుకుని అందించింది. ఇక ఆ కథ వస్తుందనుకుంది. వచ్చింది.

"ఎరువంటే ఏమిటో తెలియని మనిషిని పెట్టుకుని ఇంత తోట పెంచానండీ" అని ముగించాడు ఆయన. అత్తగారు ఎప్పటిలాగే కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

ఆఫీసరుగారి భార్య మాత్రం నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "మరి ఆ పేడ ఏం చేశారండీ?"



"ఈ మొక్కలు తిన్నాయండీ" అంది ఆమె.

ట్రే కింద పెట్టింది. పెరట్లోకి వెళ్ళి, సంచితో సహా పెద్దకాయ కోసింది. తట్టలో తను మగ్గబెట్టిన ఎరువు నింపి, దాని మీద కాయ పెట్టి, నడుముకి ఆనించుకుని గేటు వైపు నడిచింది.

"ఏమోయ్, ఎక్కడికి? అది ఆఫీసరుగారి..."

"పక్కింట్లో ఎరువు బాకీ ఉండిపోయింది. ఇచ్చొస్తాను."

"గునపం అప్పుడే ఇచ్చేశాం కదా."

"అది మీరు తెచ్చుకున్న ఎరువండీ. ఇది నేను తెచ్చుకున్నది."

గేటు తనే తీసుకుంది.

పిన్ని మూటల మధ్య కూర్చుని ఉంది. తట్ట చూసి, "నేను పోయే చోట కుండీ కూడా లేదు, ఎరువెందుకే" అంది.

"గోనెలో కట్టిస్తాను. కుండీ అదే వస్తుంది."

పిన్ని నవ్వి, తను కుట్టిన సంచిని కుట్టు వెంట తడిమింది. ముడి విప్పి, కాయ తీసి, బరువు చూసి ఒళ్ళో పెట్టుకుంది.

"ముట్టిందమ్మాయ్" అంది.

దేవుడి గదిలో కళ్ళు మూసుకున్నప్పుడల్లా ఆమె వినాలనుకున్నది ఆ ఒక్క మాటే.