ఆమె పేరు మీద నడిచే పనులు

ఉతికిన బట్టలు ఆరేస్తుంటే లోపలినుంచి భర్త అన్నాడు: "ఉతికేది మెషినేగా! బండకేసి బాదొచ్చినట్టు ఆ మొహమేంటి?"

ఆమె చొక్కాకు క్లిప్పు పెట్టింది. నిన్న ఆఫీసులో మేనేజరు తూచిందీ ఆ తక్కెడతోనే. "జాబులు వాటంతటవే నడుస్తాయి కదమ్మా, నీకు ప్రమోషన్ ఏమని అడగను?" జాబులంటే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తెరవెనక నడిచే పనులు; అవన్నీ ఆమె చేతిమీదే నడుస్తాయి. బిల్లులు పంపడం, బాకీలు గుర్తుచేయడం, సరుకు నిల్వలు సరిచూడటం. ఏది ముందో ఏది వెనకో కుదిర్చింది ఆమే. ఏది ఆగినా ఫోను ఆమెకే. ప్రయోగాల కోసం అసలు సిస్టమ్‌కు నకలు తీసిన ప్రతిసారీ, ఎవరూ తెరవకముందే అందులోని జాబులన్నీ ఆపేస్తుంది. లేకపోతే ఉత్తుత్తి నోటీసులు నిజం ఖాతాదారులకు వెళ్లిపోతాయి. ఎన్నడూ వెళ్లలేదు. జరగని నష్టాన్ని లాభం కింద వేసే మనిషి ఆమెకింకా తగల్లేదు, ఆఫీసులోనూ ఇంట్లోనూ.

మరో కంపెనీ రమ్మంది. జవాబు ఇవాళే చెప్పాలి. "అంత దూరమా? అమ్మకి మందులెవరిస్తారు?" అని భర్త తేల్చేశాడు. "ఇప్పుడు నీకేం తక్కువైందమ్మా?" అంది అత్తగారు. ఆమె ఇంకో తడిబట్ట దులిపి తీగమీద వేసింది.

ఫోన్ మోగింది. మేనేజరు.

"కొంప మునిగిందమ్మా! ఇవాళ నీకు సెలవని పొద్దున మేమే నకలు తీశాం. అందులోంచి బాకీ నోటీసులు వెళ్లిపోయాయి. కట్టేసినవాళ్లక్కూడా!"

"జాబులు ఆపకుండానే తెరిచారా?"

"ఆపాలని మాకేం తెలుసు? అన్నీ నీ పేరు మీదే ఉన్నాయి. సంజాయిషీ నువ్వే రాయాలి."

తడి చేతులు చీరకు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. నకల్లో జాబులు ఆపింది. నిజమే, నకలు పంపిన ప్రతి నోటీసు కిందా కంపెనీ పేరుకు బదులు ఆమె పేరే. ఇన్నేళ్ల చాకిరీలో ఆ పేరు బయటివాళ్ల కంటపడటం ఇదే మొదలు, అదీ తిట్లు తినడానికి. పక్కగదిలో టీవీ చూస్తూ తల్లీకొడుకులు పగలబడి నవ్వుతున్నారు. ఏమైందని ఒక్కరూ తొంగిచూడలేదు.

ఆమె అసలు సిస్టమ్ తెరిచింది. ఏ జాబు ఆగినా ఎవరికి ఫోన్ వెళ్లాలో రాసే చోట తన నంబరు చెరిపి మేనేజరు నంబరు వేసింది.

"మార్పు ఖాయమేనా?" అని అడిగింది సిస్టమ్.

ఆమె ఆ మాట ఇంకోసారి చదివింది. ఇంట్లోగానీ ఈ ఆఫీసులోగానీ, నీ నిర్ణయం ఏమిటని ఆమెను అడిగింది ఇంతవరకు అదొక్కటే.

"అవును" నొక్కింది. అదే చేత్తో కొత్త కంపెనీకీ అవునని చెప్పేసింది.