జిన్ మీద సుధారాణి సంతకం

ఆనందపురం దాటాక హైవే పక్కనున్న మద్యం ఫ్యాక్టరీలో సుధారాణి కెమిస్టుగా చేరి నాలుగేళ్ళయింది. అప్పటికి రెండువేల మూడో సంవత్సరం. జాలరిపేటలో చేపలమ్మే చిట్టమ్మ కూతురు ఆమె, యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుకుంది. ట్యాంకరు వచ్చినప్పుడల్లా స్పిరిట్ ఘాటు కొలవడం, నీళ్ళు పరీక్షించడం, సీసాల్లోకి వెళ్ళే ప్రతి సరుకు మీదా సంతకం పెట్టడం ఆమె పని. రుచి చూడడం మాత్రం ఆమె పని కాదు. నెలకోసారి మేనేజరు భీమశంకరరావు గదిలో ముగ్గురు మగవాళ్ళు తలుపేసుకుని చూసేవారు.

ఆ ఫ్యాక్టరీలో విస్కీ, బ్రాందీ, రమ్ము అన్నీ ఒకే స్పిరిట్ నుంచి పుట్టేవి. రంగూ ఎసెన్సూ మారేవి, అంతే. జిన్‌కైతే రంగు కూడా అక్కర్లేదు. డబ్బాలో ఎసెన్సు కొలిచి పోసి కలియబెడితే జిన్ తయారు. అలా తయారైన సరుకు ఒకసారి బీచ్ రోడ్డు హోటల్ నుంచి తిరిగొచ్చింది. నేల తుడిచే ఫినాయిల్‌లా ఉందని అక్కడివాళ్ళు చీటీ రాసి పంపారు.

మీటింగులో అందరూ తప్పంతా నీళ్ళ మీదకి నెట్టారు. నీళ్ళకేం రోగం లేదనీ, అసలది జిన్నే కాదనీ సుధారాణి చెప్పింది. జూనిపర్ అనే కొండచెట్టు కాయలు స్పిరిట్‌లో నానబెట్టి మళ్ళీ కాచి, ఆ ఆవిరిని పడితేనే జిన్ అని వివరించింది.

భీమశంకరరావు నవ్వాడు. "నీకెలా తెలుసమ్మా? తాగావా?"

"చూశాను సార్. మనదీ చూశాను, బయటదేశందీ చూశాను. నాలుక మీద వేసుకుని ఉమ్మేశాను. మీ గదిలో కూర్చోనివ్వరు కాబట్టి ల్యాబ్‌లోనే చూశాను."

మేనేజరు మొహం ఎర్రబడింది. అంత తెలిసినదానివైతే చేసి చూపించమన్నాడు. నోరు మూయించడానికే అన్నాడు గానీ, సాయంత్రానికల్లా ఆమె దరఖాస్తు టైపు చేసి బల్ల మీద పెట్టింది. చిన్న రాగి బట్టీ ఒకటి, పదిహేను లీటర్ల స్పిరిట్, ఆరు నెలల గడువు. పదిమంది ముందు అన్న మాట గనక వెనక్కి తీసుకోలేక సంతకం గీశాడు. ఫ్యాక్టరీలో ఉండే ఎక్సైజు అధికారి శ్రీరామ్మూర్తి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. పైఆఫీసు నుంచి అనుమతి రానిదే చుక్క కదలదనీ, వచ్చాక కూడా గది తాళం తన దగ్గరే ఉంటుందనీ చెప్పాడు.

అనుమతి కోసం చూస్తూనే ఆమె కాయల వేటలో పడింది. అవి ఊళ్ళోనే, పాత టౌనులో అహ్మద్ అనే యునానీ మందుల వ్యాపారి దగ్గర దొరికాయి. ఆ దుకాణంలో వాటిని అబ్‌హల్ అంటారు. ల్యాబ్‌లో గాజు సామానుతో, ఉత్త నీళ్ళతోనే మొదట ప్రయత్నించింది. కాయల్ని మెత్తగా పొడికొట్టి, మంట పెద్దది పెట్టి కాచింది. దిగింది జ్వరానికిచ్చే కషాయంలా ఉంది. పుస్తకాల్లో ఉష్ణోగ్రతలున్నాయి గానీ చెయ్యి ఎలా తిరగాలో లేదు. మళ్ళీ కాయల కోసం వెళ్ళినప్పుడు సంగతి విని, అహ్మద్ తన పిన్ని షరీఫున్నీసా ఇంటికి దారి చెప్పాడు. ఆవిడ ఆవిరి పట్టి గులాబీ నీళ్ళూ వాము అర్కూ తీస్తుంది.

డెబ్బై ఏళ్ళ మనిషి. పెరట్లో మట్టిపొయ్యి మీద నిలువెత్తు రాగి డేగిసా ఉంది. సుధారాణి ఏమీ దాచకుండా మందు కోసమేనని చెప్పేసింది. ఆవిడ పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది.

"నేను దాన్ని ముట్టను బేటీ. నా ఇంట్లోకి రానివ్వను," అంది. "కానీ ఆవిరి పట్టడం అంటావా, అది నాకొచ్చు. మా ఆయన పోయాక ఈ డేగిసా అమ్మెయ్యమని ఇంటిల్లిపాదీ అన్నారు. ఆడది మంట దగ్గర కూర్చోవడమేంటన్నారు. ముప్ఫై ఏళ్ళ నుంచీ కూర్చున్నాను. నీళ్ళతో నేర్పిస్తాను, వచ్చి నేర్చుకో. తర్వాత అక్కడ నువ్వు ఏం కాచుకున్నా అది నీకూ పైవాడికీ మధ్య సంగతి."

తొమ్మిది ఆదివారాలు వెళ్ళింది సుధారాణి. కాయని నలపాలే గానీ పొడి చెయ్యకూడదు. మంట ఎంత తక్కువ ఉంటే వాసన అంత నిలబడుతుంది. మొదట దిగింది పక్కకి తీసెయ్యాలి. నడిమిది దాచుకోవాలి. ఆఖరిది ఉడికిన గడ్డి వాసన కొట్టకముందే ఆపెయ్యాలి. ఎక్కడ ఆపాలో గడియారం చెప్పదు. నిమిషానికోసారి చుక్క అరచేతిలో వేసుకుని, రెండు చేతులూ రుద్ది, దోసిట్లో ముక్కు పెట్టి చూడాలి. మొదటి రెండు వారాలూ సుధారాణి ఆలస్యంగా ఆపింది. మూడో వారం భయపడి మరీ ముందు ఆపేసింది. ఆవిడ ఏమీ అనకుండా ఆ నీళ్ళు మొక్కల్లో పోసి మళ్ళీ కాయించేది.

ధనియాలు, నిమ్మతొక్క, పాడేరు నారింజ తొక్క, కొంచెం మామిడల్లం. ఇవి కలుపుదామని సుధారాణి అనుకుంది. మొగలి పువ్వు కూడా వేస్తానంటే షరీఫున్నీసా తల అడ్డంగా ఊపింది. అది వచ్చిందంటే మిగతావన్నీ నోరు మూసుకోవాల్సిందేనంది.

అనుమతి వచ్చి, ఫ్యాక్టరీలో బట్టీ వెలిగిన రోజే ఇంట్లో గొడవైంది. చిట్టమ్మ ముక్కు ముందు ఏదీ దాగదు. గంప ఎత్తకుండానే ఏ చేప నిన్నటిదో చెప్పేస్తుంది. కూతురు గుమ్మంలో అడుగు పెట్టగానే వాసన పట్టేసింది.

"పరీచ్చ సేత్తన్నానన్నావ్, ఊరుకున్నాను. ఇప్పుడు కాత్తన్నావేటి?"

"కాత్తన్నానమ్మా."

"మీ అయ్యని తినేసిందేటో మర్సిపోనావేటే గుంటా?"

సుధారాణి తండ్రి పైడయ్య పోయింది సారా తాగే. ముందు కళ్ళు పోయాయి, తెల్లారేసరికి మనిషే పోయాడు. ఆ ఒక్కరోజే పేటలో నలుగురు పోయారు. తర్వాతి ఏడాది సారా దుకాణం తలుపులు పీకిన ఆడవాళ్ళలో చిట్టమ్మే ముందుంది.

"మర్సిపోలేదు," అంది సుధారాణి. "అయ్య తాగినదాన్లో ఏటి కలిపారో సూసినోడు ఒక్కడూ లేడు. అందుకే నాను ఈ సదువు సదివాను. తాగీవోళ్ళు ఎలాగూ తాగుతారు. ఆళ్ళ గ్లాసులోకి ఏటెల్తందో నాను సూత్తాను."

"అమ్మీవోడు ఎప్పుడూ మంచిదే అంటాడు."

"నాను మంచిదనట్లేదు. అబద్ధం లేనిదంటన్నాను."

చిట్టమ్మ ఒప్పుకోలేదు. ఆ సీసా తన గడప తొక్కకూడదంది. తేనంది కూతురు. రెండు రోజులు మాటల్లేవు. మూడోరోజు చిట్టమ్మ ఎప్పట్లాగే కంచంలో కవళ్ళ చేపల పులుసు వేసింది గానీ, ఆ విషయం మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

మూడోసారి బట్టీ కాచినప్పుడు మేనేజరు స్వయంగా వచ్చాడు. మొదట దిగిన స్పిరిట్‌ని సుధారాణి వేరే క్యానులోకి పట్టి, పనికిరానిదని చీటీ అంటించడం చూసి, అదీ స్పిరిట్టే కదా, అందులోనే కలిపెయ్యమన్నాడు. ఆమె కలపలేదు. అరచేతులు రుద్దుకుని వాసన చూస్తూ నిలబడింది. ఇంకా ధార బాగానే పడుతుండగా గ్యాస్ కట్టేసింది.

"ఇంకా దిగుతోంది కదా, ఎందుకాపావు?"

"మంచిది అయిపోయింది సార్."

"ఎవరు చెప్పారు?"

"నా ముక్కు."

శ్రీరామ్మూర్తి తల ఎత్తకుండా రెండు క్యాన్లనీ రెండు వరసల్లో రిజిస్టరులో ఎక్కించాడు. అలా ఎక్కాక ఇక వాటిని కలపడానికి లేదు. అది సాయమో, రూలో ఆమెకి అర్థం కాలేదు.

వారం తర్వాత ఓనరు హైదరాబాద్ నుంచి వచ్చి మేనేజరు గదిలో రుచి చూశాడు. ఆ గదిలో నాలుగో కుర్చీ లేకపోతే సుధారాణి ల్యాబ్ నుంచి స్టూలు తెచ్చుకుని కూర్చుంది. ఓనరు గ్లాసు కింద పెట్టి, మళ్ళీ ఎత్తి, ఇది మన దగ్గరే చేశారా అని అడిగాడు. భీమశంకరరావు అవునన్నాడు. ఎవరు చేశారో మాత్రం చెప్పలేదు. నేనే చేశానని సుధారాణి చెప్పుకుంది.

నెల తిరక్కుండా కొత్త లేబుల్ వచ్చింది. జూనిపర్ కాయలతో రాగి బట్టీలో కాచినది అని బంగారు అక్షరాలు. హోటల్‌కి పంపిన నమూనా ఆమె కాచినదే. సీసాల్లోకి వెళ్ళబోయేది మాత్రం డబ్బా ఎసెన్సు సరుకు. సర్టిఫికెట్ ఆమె బల్ల మీదకి వచ్చింది.

ఆమె సంతకం పెట్టలేదు. మేనేజరు బుజ్జగించాడు, లేబుల్ ఎవడూ చదవడన్నాడు, తర్వాత ఉద్యోగం పోతుందన్నాడు. తీసెయ్యండి అంది. ఎందుకు తీశారో కాగితం మీద రాసివ్వమంది. కెమిస్టు సంతకం లేనిదే గేటు దాటనివ్వనని శ్రీరామ్మూర్తి ఎప్పట్లాగే రూలు చదివాడు. పదకొండు రోజులు సీసాలు గోడౌనులోనే ఉన్నాయి. ఇంటి బండి లాగేది ఆ జీతమే. అయినా పొద్దున్నే బస్సెక్కి, ఫ్యాక్టరీకి వెళ్ళి, ఖాళీగా ఉన్న సంతకం గీత ముందు కూర్చునేది.

పన్నెండో రోజు ఓనరు ఫోన్ చేశాడు. ఆమె వాదించలేదు. సీసాలో ఉన్నది లేబుల్ మీద రాయండి, లేదా లేబుల్ మీద రాసింది సీసాలో పొయ్యండి, ఏది చేసినా సంతకం పెడతానంది. నెలకెన్ని పెట్టెలు కాచగలవని అడిగాడు ఓనరు. ఇరవై అంది. ముప్ఫై అన్నాడు. ఇరవైయ్యే అంది.

గోడౌనులోని సరుకుకి పాత లేబులే అంటించారు. ఇరవై పెట్టెల కోసం పెద్ద బట్టీ వచ్చింది. భీమశంకరరావు ఆమెతో మాట్లాడడం మానేశాడు, ఏం కావాలన్నా చీటీ రాసి పంపేవాడు. రుచి చూసే గదిలోకి నాలుగో కుర్చీ వచ్చింది గానీ, ఎవరు తెప్పించారో ఎవరూ చెప్పలేదు.

మరుసటి ఏడాది వానాకాలంలో వచ్చిన కాయలు తడిసి, బూజు పట్టి ఉన్నాయి. వేరే సరుకు రావడానికి నెల పడుతుందన్నాడు అహ్మద్. హోటల్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఈ ఒక్కసారికి ఎసెన్సుతో సర్దమని మేనేజరు చీటీ పంపాడు. సుధారాణి ఆ చీటీ వెనక, ఈ నెల జిన్ లేదు అని రాసి, కింద సంతకం పెట్టి తిప్పి పంపింది.