నాలుగు ఖండాల చేపలు

నాలుగు నెలలు ప్రపంచమంతా చుట్టి కలకత్తాకి తిరిగొచ్చిన చారుశీల, ఆదివారం సాయంత్రం వీధివాళ్లందరినీ పిలిచి, మొగుడు నృపేన్ బాబు చేత టీవీలో ఫొటోలు పెట్టించింది. టవర్లూ జలపాతాలూ ఒకదాని వెనక ఒకటి వస్తుంటే జనం మర్యాదకి తలలూపుతూ మరమరాలు నములుతున్నారు. ఎదురింటి గదాధర్ ఆవలింతలకి అతని దవడ ఊడి ఒళ్లో పడేలా ఉంది.

ఇంతలో తెర మీదికి ఇస్తాంబుల్ చేపల బజారు వచ్చింది. చారుశీల మొగుడి వంక కొరకొరా చూసింది. చేపల ఫొటోలన్నీ తీసెయ్యమని చిలక్కి చెప్పినట్టు చెప్పినా నృపేన్ బాబు ఒక్కటీ తీసెయ్యలేదన్నమాట!

"ఆగండి దాదా, ఆగండి!" గదాధర్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "ఇదేదో మన బొచ్చె చేపకి మేనమామలా ఉందే! పొట్ట వైపు చూపించండి!"

దాంతో అందరికీ ప్రాణం లేచొచ్చింది. టోక్యో చేపని ఆవపిండితో వండాలా, లిస్బన్ చేప వేపుడికి పనికొస్తుందా అని గదిలో పెద్ద రభస.

చివరికి చారుశీల పొద్దుటినుంచీ ఎదురుచూస్తున్న ఫొటో వచ్చింది. వెనిస్‌లో, కొత్త పట్టుచీరలో తను! గదాధర్ మెడ సాచి, అటూ ఇటూ వంగి చూశాడు.

"అయ్యయ్యో వదినా, సరిగ్గా చేపల కొట్టుకి అడ్డంగా నిలబడ్డారే!"

చారుశీలకి ఒళ్లు మండిపోయింది.

"కావాలనే నిలబడ్డాను! మొప్పలెత్తి చూశాను, నాలుగు రోజుల నిల్వ సరుకు. అది ఫొటోలో పడితే మీ అందరి ముందూ నా పరువేం కాను?"