తుడిచేసిన తేదీలు

సబ్బులను ఒక్కొక్కటిగా తిరగేస్తున్నాను. అడుగు వైపు కూడా గాలి తగలాలి. వారం రోజుల ముసురుకు గదంతా చెమ్మగా ఉంది, సబ్బులన్నీ మెత్తబడ్డాయి. నా కళ్ళు మాత్రం ట్రేల అంచుల మీదే ఉన్నాయి.

మా వీధి ఆడవాళ్ళం ఏడుగురం కలిసి చేసే సబ్బు ఇది. నూనె పక్క వీధి గానుగలో ఆడిస్తాం. అట్టపెట్టెలు చివరింటి వాళ్ళు చేస్తారు. పొరుగు పట్నంలో పెద్ద కొట్టాయన, ఓడల్లో వచ్చే విదేశీ సబ్బులు తీసేసి మాకోసం ఒక అర ఖాళీ చేశాడు. సాయంత్రం నాలుగింటికి వ్యానుతో తనే వస్తానన్నాడు. రెండు వందల నలభై సబ్బులు కావాలి.

"ఇవాళ అర నిండకపోతే పాత సరుకే పెట్టేస్తానమ్మా" అని ముందే చెప్పాడు.

ట్రేకు నలభై చొప్పున ఉన్న ఎనిమిది ట్రేలలో ఆరు పోయిన నెలవి. రెండు మొన్న ఆదివారం పోసినవి. కలిపిన కాస్టిక్ సోడా ఘాటు నెల ఆరితేగాని పోదు, ఇవి ఒంటికి తగిలితే మండిస్తాయి. ఏ ట్రే ఎప్పటిదో అంచు మీద సుద్దముక్కతో రాసుకుంటాం. కప్పు కారుతోందని నిన్న ట్రేలన్నీ ఇటూ అటూ మార్చాం. తరవాత బూజుగా ఉన్నాయని నేనే తడిగుడ్డతో అంచులు తుడిచాను. తేదీలన్నీ గుడ్డకొచ్చేశాయి. రాత్రంతా ఎవరికీ చెప్పలేదు.

పెట్టెలకు టేపు వేస్తున్న వదినకు ఇప్పుడు చెప్పాను.

"శుభ్రం ఎక్కువైంది నీకు" అంది. మొహం పాలిపోయింది. "ఇప్పుడా చెప్పేది? నువ్వు అందించినవన్నీ కలిసి ఆరు పెట్టెలూ నిండిపోయాయి!"

నూనె డబ్బా కోసం వచ్చిన గానుగ బాబాయి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నాలుకతో చూస్తే తెలియదూ? పచ్చిదైతే చురుక్కుమంటుంది. ఇటు తే, మీ పిన్ని కూరలు తిన్న నాలుక ఇది, దేనికీ భయపడదు."

టేపు చీల్చి మొదలుపెట్టాం. మూడోది చురుక్కుమంది. అయిదోదీ అంతే. పది దాటాక బాబాయి నోరు తుడుచుకున్నాడు.

"ఇక నాకన్నీ ఒకలాగే ఉన్నాయి తల్లీ. నాలుక మొద్దుబారింది."

నాదీ అంతే. గడియారంలో మూడున్నర.

"పంపేద్దామా?" బాబాయి గొంతు తగ్గించాడు. "ఈ అర పోతే నా గానుగ కూడా ఆగిపోతుందమ్మాయ్."

"మన నూనె, మన సబ్బు, మనవాళ్ళే కొంటే నాలుగూళ్ళు నిలబడతాయని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది నేనే కదా బాబాయ్" అంది వదిన. "దేశమంటే ఇలాంటి ఊళ్ళేగా అని కూడా అన్నాను. ఇప్పుడు కొనేదీ ఆ ఊళ్ళవాళ్ళేగా!"

చేతికందిన సబ్బొకటి తీసుకుని, తొట్టి దగ్గర చెంపకు రుద్దుకుంది. కడగకుండా అలాగే నిలబడింది. నేను గడియారం చూడలేకపోయాను.

"వదినా, కడిగేసుకో."

వినలేదు. నురగ కింద చెంప ముందు గులాబీ రంగుకొచ్చింది, తరవాత కందిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు కడుక్కుంది.

వీధిలో వ్యాను హారన్ మోగింది. బాబాయి పెట్టె మీద చెయ్యి వేసి, ఎత్తాలా వద్దా అన్నట్టు వదిన వైపు చూశాడు. నేనూ చూశాను.

వదిన ఆ చెయ్యి మెల్లగా తీసి పక్కన పెట్టింది. పెట్టెలన్నీ అక్కడే వదిలేసి, తడిసిన ఆ ఒక్క సబ్బును పట్టుకుని, చెంప కప్పుకోకుండా, వ్యానులో వచ్చిన కొట్టాయన దగ్గరికి వెళ్ళింది.