ఊరికే వచ్చిన నీలి గిన్నెలు

కందులు మెత్తగా ఉడికి పొయ్యి మీదే ఉన్నాయి. ఇక బెల్లం, కొబ్బరికాయలు తెస్తే చాలు. క్రైస్తవుల పవిత్ర వారంలో బర్రాంకియా ఊళ్లో ఇంటింటికీ తీపి పంచకపోతే ఇరుగుపొరుగు ఏడాదంతా దెప్పుతారు. నూరిస్ బెంగ మాత్రం ఒక్క గిన్నె గురించే. చనిపోయిన భర్త అక్క ఉబాల్దీనాతో నాలుగేళ్లుగా మాటల్లేవు. ఈసారి కందుల తీపి పట్టుకుని తనే ఆ గడప తొక్కాలనుకుంది.

సూపర్ మార్కెట్ అద్దాల తలుపు తెరుచుకోగానే చల్లగాలి ఒళ్లంతా నిమిరింది. ఎక్కడో పాట, ఎక్కడో వేడి రొట్టె వాసన. బయటి ఎండ పోయిన జన్మలోదనిపించింది.

"రెండు సబ్బుపొడి ప్యాకెట్లకి గాజు గిన్నె ఊరికే!" మైకులో గొంతు జోల పాడుతోంది.

నీలి గిన్నె, ఎంత బాగుందో! ఇందులో తీపి ఇస్తే వదిన కాదంటుందా?

"ఆరు గిన్నెలు తీసుకుంటే మూత కూడా ఊరికేనండీ," అంది అక్కడున్న అమ్మాయి.

మూత లేకపోతే ఈగలు ముసరవూ? ఊరికే వస్తే నాకొకటి, పక్కింటావిడకొకటి! నూరిస్ నిద్రలో నడుస్తున్నట్టు సామాన్ల బండి వెనకాలే తేలిపోయింది.

ఇంటికొచ్చి సంచులు విప్పాక మెలకువ వచ్చింది. పన్నెండు సబ్బుపొడులు, ఆరు గిన్నెలు, ఒక మూత. బెల్లం లేదు, కొబ్బరి లేదు, పర్సులో చిల్లిగవ్వ లేదు. కూలబడి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఏమైతే అదయిందని ఒక గిన్నె పట్టుకుని బయలుదేరింది.

ఉబాల్దీనా తలుపు తీసి గిన్నె వంక చూసింది.

"పండగ పూట ఖాళీ గిన్నెతో వస్తారటే?"

"కందులు ఉడికాయి వదినా. బెల్లం డబ్బులే... సబ్బుపొడికి పోశాను." సిగ్గుతో నూరిస్ ప్రాణం చచ్చిపోయింది.

ఉబాల్దీనా పక్కకు తప్పుకుంది. వెనక బల్ల మీద ఆరు నీలి గిన్నెలు, ఒక మూత.

"బెల్లం ఉంది, కొబ్బరి ఉంది. కందులకని వెళ్లి నేను చేసిన నిర్వాకం ఇదీ," అంది. ఒక గిన్నె ఇటు జరిపి, "అందులో ఒకటి నీకే పంపాలనుకున్నాలే," అని గొణిగింది.

నూరిస్‌కి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"నిలబడ్డావేం మొద్దూ? వెళ్లి కందులు పట్రా. సబ్బుపొడి మాత్రం తేకు తల్లీ!"

నూరిస్ ఎండలో పరుగు తీసింది.